కంచలో జేసీబీ, చెరువు గట్టున లైట్లు: సంరక్షణ సంస్థ సభ్యులుగా మనం ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు ఆరేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక ప్రకృతి సంరక్షణ సంస్థలో జీవిత సభ్యులు. ఆ సంస్థ చేవెళ్ల దాటాక ఒక కంచనీ (పశువులు మేసే బీడునీ), సంగారెడ్డి వైపు ఒక చెరువునీ చూసుకుంటోంది. మొన్న మీరు కంచకు వెళ్లేసరికి జేసీబీతో చెట్లు పీకేస్తున్నారు, పక్కనే గొర్ల మంద మేస్తోంది. చెరువు దగ్గర గట్టు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తున్నారు, దాని పొడవునా లైట్ల స్తంభాలు. వాట్సాప్ గ్రూపులో అడిగితే మీ మెసేజ్ తీసేశారు, జనరల్ బాడీలో అడిగితే "అవి టెక్నికల్ విషయాలు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. ఇది విధ్వంసమేనా, ఎవరికి ఫిర్యాదు చేయాలి, సభ్యత్వం వదిలేయాలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. కంచలో చెట్లు తీయడం ఒక్కటే చూసి తప్పు అనలేం, చాలాసార్లు అది చేయాల్సిన పనే. చెరువు గట్టు పని గురించి మాత్రం మీకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది. ఈ రెండింటికన్నా పెద్ద తప్పు, సభ్యులు అడిగినప్పుడు కాగితం చూపించకపోవడం. కాబట్టి మీ మొదటి పని ఫిర్యాదు కాదు, ఆ రెండు చోట్లకూ ఉన్న నిర్వహణ ప్రణాళిక కాపీ రాతపూర్వకంగా అడగడం. ప్రణాళిక లేదని తేలితే అప్పుడు మీ చేతిలో అసలైన ఫిర్యాదు ఉన్నట్టు. సభ్యత్వం మాత్రం వదలకండి, ఎందుకో చివర్లో చెప్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఇలాంటి సంస్థల్లో ఉన్నాను. కొంతకాలం కోశాధికారిగా, ఎక్కువకాలం ఫీల్డు పనులు చూసే ఉపసంఘంలో. సభ్యుల వైపు నిలబడి ప్రశ్నలు అడిగాను, కమిటీలో కూర్చుని ప్రశ్నలు ఎదుర్కొన్నాను. రెండు వైపులా చూసినవాడిగా రాస్తున్నాను.

ముందు నేల ఎవరిదో తెలుసుకోండి

చాలామంది సభ్యులు ఇక్కడే పొరపడతారు. బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీబీ (పక్షుల రక్షణ సంఘం) లాంటి సంస్థలు భూమిని సొంతంగా కొనో, దీర్ఘకాల లీజుకు తీసుకునో రిజర్వులు నడుపుతాయి. లక్షల మంది సభ్యుల చందాలతో కొన్న నేల కాబట్టి అక్కడ సభ్యుడి ప్రశ్నకు సంస్థే జవాబు చెప్పాలి. మన దగ్గర అలా చాలా అరుదు. కేబీఆర్ పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి అటవీ శాఖవి. చెరువులు ఎక్కువగా నీటిపారుదల శాఖవి, నగరం దగ్గరైతే హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), మున్సిపాలిటీ కూడా మధ్యలో ఉంటాయి. సంస్థకు ఉండేది ఒక ఒప్పంద పత్రం, అదీ మూడేళ్లకో ఐదేళ్లకో. కంచ అయితే ఎవరో దాత ఇచ్చిన పట్టా భూమి కావచ్చు, ప్రభుత్వ భూమి కావచ్చు.

ఇది తేలితేనే ఎవరిని అడగాలో తేలుతుంది. ట్రాక్ వేయించింది మీ కమిటీయా, లేక శాఖ వేస్తుంటే మీ కమిటీ నోరు మూసుకుని చూస్తోందా? రెండూ వేర్వేరు తప్పులు. ఒకసారి మేం సభ్యులందరం కలిసి మా కార్యదర్శి మీద విరుచుకుపడ్డాం, తీరా చూస్తే ఆ పని శాఖ టెండరు, ఆయన దానికి అభ్యంతరం చెబుతూ రెండు ఉత్తరాలు రాసి ఉన్నాడు. ఆ ఉత్తరాలు ముందే సభ్యులకు చూపించి ఉంటే అందరం ఆయన వెనక నిలబడేవాళ్లం.

ఒప్పంద పత్రం సంస్థ ఇవ్వకపోతే శాఖను అడగండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ సంస్థ నేరుగా ఆ చట్టం కిందికి వస్తుందా అనేది దానికి ప్రభుత్వ నిధులు ఎంత మేరకు అందుతున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ వాదనలోకి దిగితే నెలలు పోతాయి. శాఖ మాత్రం ఎలాగూ చట్టం కిందే ఉంది కాబట్టి ఒప్పందం, తనిఖీ నివేదికలు, ఇచ్చిన అనుమతులు అక్కడి నుంచే తీసుకోండి.

కంచ సంగతి

2025లో కంచ గచ్చిబౌలిలో బుల్డోజర్లు దిగినప్పుడు నగరమంతా కదిలింది, ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ పోరాటం అవసరమే, నేనూ వెళ్లాను. అప్పటి నుంచి మనలో చాలామందికి కంచలో జేసీబీ కనబడితే గుండె ఆగినంత పనవుతోంది. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అక్కడ యంత్రం వచ్చింది నేలను వేరే పనికి వాడుకోవడానికి. మీ దగ్గర వచ్చింది ఎందుకో ఇంకా తెలియదు.

కంచ అంటే మన తెలంగాణ పల్లెల్లో పశువులు మేసే బీడు. గడ్డి, అక్కడక్కడ రేగు పొదలు, మోదుగ, చండ్ర, తెల్ల తుమ్మ, మధ్యలో బండరాళ్లు. అది పాడైపోయిన అడవి కాదు, దాని సహజ రూపమే అది. కౌజు పిట్ట, పూరేడు, తీతువు, లార్క్‌లు నేల మీదే గూడు పెడతాయి. వాటికి చుట్టూ దూరం దాకా కనబడాలి. దగ్గర్లో ఎత్తైన చెట్టు ఉంటే దాని మీద కాకి, గద్ద కాపు కాసి గుడ్లూ పిల్లలూ ఎత్తుకెళ్తాయి. కుందేలు, ఉడుము, నక్షత్ర తాబేలు కూడా ఈ గడ్డి, పొద కలిసిన నేలనే నమ్ముకుని బతుకుతాయి. రికార్డుల్లో ఇలాంటి నేలను బంజరు అని రాసి రాసి మనకూ అదే అలవాటైంది, ఖాళీగా ఉంది కదా మొక్కలు నాటేద్దాం అనిపిస్తుంది.

ఇలాంటి నేలను సర్కారు తుమ్మ ఆక్రమిస్తుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు అది. కాయలు గొర్రెలూ మేకలూ తింటాయి, గింజలు పెంటికల్లో పడి మొలుస్తాయి, ఇరవై ఏళ్లలో గడ్డి నేల ముళ్ల కోనలా అయిపోతుంది. కింద గడ్డి ఉండదు. దాన్ని తీయకుండా కంచను కాపాడతాం అనడం కుదరదు.

కాబట్టి మీరు ఈసారి వెళ్లినప్పుడు పడి ఉన్న కొమ్మలు చూడండి. సర్కారు తుమ్మ పువ్వు పొడుగ్గా కంకిలా ఉంటుంది, కాయ లేత పసుపు రంగులో వంకీ తిరిగి ఉంటుంది. నల్ల తుమ్మ పువ్వు గుండ్రంగా పసుపు బంతిలా ఉంటుంది, కాయ పూసల దండలా నొక్కులు నొక్కులుగా బూడిద రంగులో ఉంటుంది. పడిపోయినవన్నీ మొదటి రకమైతే కమిటీ సరైన పనే చేస్తోందన్న ఆశ పెట్టుకోవచ్చు. నల్ల తుమ్మ, మోదుగ, రేగు కూడా పోయాయంటే కాంట్రాక్టరు ఇష్టం వచ్చినట్టు దున్నేస్తున్నాడని అర్థం.

ఇంకొకటి, మొద్దులు చూడండి. సర్కారు తుమ్మను నేల మట్టానికి నరికితే చావదు, మొదలు నుంచి అయిదారు కొమ్మలు లేచి మునుపటికన్నా గుబురుగా పెరుగుతుంది. దుంపతో సహా పెకలించాలి. కానీ కాంట్రాక్టరుకు కావాల్సింది కట్టె. దానితో బొగ్గు కాలుస్తారు, అమ్ముడవుతుంది. కట్టె తీసుకుని పోవడమే కూలి కింద ఒప్పందం రాసుకున్న చోట లావు బోదెలు పోతాయి, మొద్దులు మిగులుతాయి, రెండు వానలకు పాత కథే. కట్టె ఎంతకు అమ్మారు, ఆ డబ్బు ఏ ఖాతాలో పడింది, మొద్దులు పీకే బాధ్యత ఎవరిది అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో కమిటీకి పని తెలుసో లేదో బయటపడుతుంది.

ఏ కాలంలో చేస్తున్నారన్నదీ ముఖ్యమే. మార్చి నుంచి వానాకాలం సగం దాకా నేల మీద గూళ్లు ఉంటాయి. ఆ రోజుల్లో జేసీబీ తిప్పితే ఉద్దేశం ఎంత మంచిదైనా పిట్టలకు నష్టమే. వన్యప్రాణి రక్షణ చట్టం 1972లో వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉంది. అందుకే ఈ ఒక్క విషయంలో ఉత్తరాలతో ఆగకండి. గూళ్లు ఉన్న చోట యంత్రం నడుస్తుంటే వెంటనే ఫొటో, తేదీ, లొకేషన్‌తో అటవీ శాఖ రేంజ్ ఆఫీసరుకు ఫోన్ చేయండి. మిగతావన్నీ తర్వాత. చెట్ల నరికివేతకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా ఉండాలి. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి, అయినా ఆ కాగితం ఫైల్లో ఉందా అని అడగడం మీ హక్కు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2016లో మేం చూసుకునే ముప్పై ఎకరాల కంచలో ఒక కంపెనీ ఇచ్చిన డబ్బుతో మొక్కలు నాటాం. కానుగ, వేప, తురాయి, దొరికినవన్నీ. కమిటీలో నేనూ చెయ్యెత్తాను. గుంతలు తవ్వుతుంటే అక్కడ తరాలుగా గొర్లు మేపుకునే పెద్దాయన వచ్చి "ఇన్ని చెట్లు పెడితే కౌజులు ఇంకెక్కడ ఉంటయి సారూ" అన్నాడు. ఆయన మాట నేను మినిట్స్‌లో కూడా రాయించలేదు. మా వాలంటీరు ఒకమ్మాయి, అప్పుడు డిగ్రీ చదువుతోంది, ఎవరూ చెప్పకుండానే ప్రతి ఎండాకాలం తీతువు గూళ్లు లెక్కబెట్టి నోట్‌బుక్‌లో రాసుకునేది. మూడో ఏడు ఆ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. మొక్కలు బాగా నిలబడ్డ వైపు ఒక్క గూడూ లేదు. ట్యాంకర్లతో నీళ్లు పోసి, ఫొటోలు దిగి, వార్షిక నివేదికలో రంగుల పేజీ వేసి, మేం ఆ పిట్టల ఇల్లు తీసేశాం. ఆ సంగతి తర్వాతి జనరల్ బాడీలో లేచి చెప్పాను. చెప్పాక కొందరు దాతలు దూరమయ్యారు, కానీ సభ్యులు ఎవరూ పోలేదు.

గొర్లు ఉన్నాయని కంగారు పడకండి

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కథ మీకు తెలిసే ఉంటుంది. అక్కడి పక్షుల నెలవు కేవలాదేవ్‌ను జాతీయ పార్కు చేశాక 1982లో అక్కడ గేదెల మేత ఆపేశారు. ఊళ్లవాళ్లు ఎదురు తిరిగారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. ఆ తర్వాత బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఏళ్ల తరబడి చేసిన అధ్యయనంలో తేలిందేమిటంటే, గేదెలు లేకపోవడంతో నీటి గడ్డి విపరీతంగా పెరిగి మడుగులను కప్పేసింది, నీటి పక్షులకు చోటు తగ్గింది. మంచి అనుకుని చేసిన పని ఎదురు తిరిగింది. అది మనకు తెలిసింది కూడా ఎవరో ఏళ్ల తరబడి ఓపిగ్గా లెక్కలు రాశారు కాబట్టే.

మన కంచలూ అంతే. ఎప్పుడూ మేయని గడ్డి ఎత్తుగా పెరిగి ఎండిపోయి వేసవిలో నిప్పుకు ఆహారమవుతుంది. అదే ఏడాది పొడవునా వందల గొర్లు తిరిగితే నేల బోడిగా అయిపోతుంది. ఎన్ని గొర్లు, ఏ నెలల్లో, ఏ వైపు అన్నది ముఖ్యం. నేనున్న ఇంకో సంస్థలో సభ్యులు ఇదే విషయం మీద గొడవకు దిగారు, కార్యదర్శి కాపరుల దగ్గర డబ్బు తీసుకుని మేతకు వదిలేస్తున్నాడని. నిజానికి ముందున్న కమిటీ, ఆ ఊరి కాపరులు కలిసి రాసుకున్న ఒప్పందం అది. వానలు పడ్డాక మూడు నెలలు అసలు రాకూడదు, ఆ తర్వాత విడతలవారీగా మేపుకోవాలి. పద్ధతి చాలా మంచిది. కానీ ఆ కాగితం బీరువాలో ఉండిపోయింది, సభ్యులకు ఎవరూ చెప్పలేదు. ఆ కార్యదర్శి అవమానం భరించలేక వెళ్లిపోయాడు. ఆయనంత బాగా ఆ నేల తెలిసినవాడు మాకు మళ్లీ దొరకలేదు.

చెరువు దగ్గరే నాకు భయం

చెరువులో పక్షులకు అన్నిటికన్నా విలువైనది లోతు నీళ్లు కాదు, అంచున ఉండే బురద. చీలమండ లోతు నీళ్లు, తడి మన్ను, అక్కడక్కడ జమ్ము. చలికాలం వలస వచ్చే ఉల్లంకులు, నీటి అంచున పురుగులు ఏరుకునే చిన్న పిట్టలన్నీ ఆ కొద్ది గజాల మీదే బతుకుతాయి. గట్టు వెడల్పు చేసి రాతి కట్టడం కట్టి, లోపల పూడిక తీసి చెరువును గిన్నెలా చేశారనుకోండి, నీళ్లు నిండుగా అందంగా కనబడతాయి, కానీ ఆ అంచు పోతుంది. లైట్లు పెడితే రాత్రి గూటికి చేరే పక్షులు ఆ వైపు రావడం మానేస్తాయి. నగరం చుట్టూ సుందరీకరణ పేరుతో ఇలా అయిపోయిన చెరువులు నేను చాలా చూశాను.

ఇక్కడ మీరు ఇంకో సంగతి గమనించాలి. కంచలో తీసేయాల్సిన అదే సర్కారు తుమ్మ చెరువు లోపల నీళ్లలో నిలబడి ఉంటే దాని మీద కొంగలు గూళ్లు కట్టుకుని ఉండవచ్చు. కాబట్టి "మేం అన్ని చోట్లా సర్కారు తుమ్మ తీసేస్తున్నాం" అని కమిటీ అంటే అది ప్రణాళిక కాదు. గుర్రపుడెక్క తీయాల్సిందే, అందులో అనుమానం లేదు. జమ్మును మాత్రం మొత్తం పీకేయకూడదు, నీటికోళ్లు అందులోనే దాక్కుంటాయి, పిల్లల్ని పెంచుకుంటాయి.

అడగాల్సినవి: ట్రాక్ ఎఫ్‌టీఎల్ గీతకు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దుకు) ఏ వైపు ఉంది? హెచ్‌ఎండీఏ పరిధిలో పది హెక్టార్లు దాటిన చెరువుకు ఆ గీత బయట 30 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేకుండా, వదలాలి, చిన్నదైతే 9 మీటర్లు. అందులో ఎవరి అనుమతితో సిమెంటు పోశారు? చెరువులోకి మురుగు ఎటు నుంచి వస్తోంది, దాన్ని మళ్లించడానికి ఎంత ఖర్చు పెట్టారు, ట్రాక్‌కు ఎంత పెట్టారు? ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నగరాల్లోని చెరువుల్లో దేశంలో మొదటిది అదే. అంత గౌరవం వచ్చాక కూడా దాని చుట్టూ కట్టడాల బాధ, మురుగు బాధ తప్పలేదు. పేరు వచ్చినంత మాత్రాన చెరువు బాగుపడదు, రోజూ కాపు కాసేవాళ్లు కావాలి.

చెరువు మీద చేపలు పట్టే హక్కున్న మత్స్యకారుల సంఘాన్ని కూడా కలవండి. బతుకమ్మ ఎక్కడ వదులుతారు, వినాయక నిమజ్జనం ఎక్కడ చేస్తారు, ఆ ఊరివాళ్లకే తెలుసు. వాళ్లతో ఒక్కసారైనా కూర్చోకుండా గీసిన ప్లాను ఏదైనా మొదటి పండక్కే చెదిరిపోతుంది. పైగా చెరువులో ఏం మారిందో వాళ్లు చెప్పినంత కచ్చితంగా మనం చెప్పలేం.

డబ్బు ఎటు లాగుతోందో చూడండి

కమిటీలు చెడ్డవాళ్లతో నిండి ఉంటాయని నేను అనుకోను. డబ్బు ఏ పనికి వస్తే ఆ పని జరుగుతుంది, అసలు సమస్య అక్కడుంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఇవ్వాలి. అక్కడి నుంచి వచ్చే సీఎస్‌ఆర్ డబ్బుకు లెక్క చూపించాలంటే మొక్కలు ఎన్ని నాటారు, ట్రాక్ ఎన్ని మీటర్లు, బోర్డు ఎక్కడ అన్నవి సులువు. గడ్డి నేలను గడ్డి నేలగా ఉంచాం, చెరువు అంచును ముట్టుకోలేదు అన్నదానికి ఫొటో రాదు. కాపలాదారు జీతానికి, ఏడాది పొడవునా లెక్కలు రాసే మనిషికి డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వరు. కమిటీ కూడా డబ్బు వచ్చే పని వైపే జరుగుతూ పోతుంది.

అందుకే ఒక్క పేజీ ఆడిట్ రిపోర్టుతో సరిపెట్టుకోకండి. ఫలానా పనికి అని వచ్చిన డబ్బు ఏది, దాన్ని ఆ పనికే వాడారా, మిగిలింది ఎక్కడుంది అన్నది స్థలాలవారీగా అడగండి. నేను కోశాధికారిగా చేరినప్పుడు చెరువు కోసం వచ్చిన విరాళంలో కొంత ఆఫీసు అద్దెకు పోయినట్టు చూశాను. ఎవరూ జేబులో వేసుకోలేదు, అద్దె కట్టకపోతే ఆఫీసు ఖాళీ చేయమంటారని అలా చేశారు. అయినా అది దాతకు ఇచ్చిన మాట తప్పడమే. దాతకు ఉత్తరం రాసి, రెండేళ్లలో ఆ డబ్బు తిరిగి చెరువు ఖాతాలో జమ చేశాం. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే ఆ డబ్బులో 20 శాతానికి మించి పరిపాలన ఖర్చులకు వాడకూడదని 2020 సవరణ చెబుతోంది, అదీ చూడండి.

సభ్యులుగా మీ చేతిలో ఉన్నవి

ముందు మీది సొసైటీయా, ట్రస్టా, సెక్షన్ 8 కంపెనీయా (లాభాపేక్ష లేని కంపెనీ) చూడండి. ట్రస్టు అయితే సభ్యుడు అన్న మాటకు పెద్ద బలం ఉండదు, నిర్ణయాలు ట్రస్టీలవి. దారి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92, కోర్టు అనుమతితో కనీసం ఇద్దరు కలిసి దావా వేయాలి. మీరు జనరల్ బాడీ అన్నారు కాబట్టి సొసైటీయే అయ్యుంటుంది. మన దగ్గర అది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందికి వస్తుంది. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సంస్థ దాఖలు చేసిన బైలాస్ (నియమావళి), కమిటీ జాబితా నకళ్లు ఫీజు కట్టి తీసుకోవచ్చు. ముందు అవి తెచ్చుకుని చదవండి. ప్రత్యేక సమావేశం కోరడానికి ఎంతమంది సంతకాలు కావాలి, ఎజెండాలో అంశం పెట్టాలంటే ఎన్ని రోజుల ముందు రాయాలి అన్నీ బైలాస్‌లోనే ఉంటాయి. చందా బకాయి ఉంటే ఓటు ఉండకపోవచ్చు, మీతో సంతకం పెట్టేవాళ్లందరి బకాయిలు ముందే కట్టించండి. ఒకసారి మేం నలభై సంతకాలు సేకరిస్తే పదకొండు ఈ కారణంగానే చెల్లకుండా పోయాయి.

అన్నీ విఫలమైతే అదే చట్టం సెక్షన్ 23 ప్రకారం ఏ సభ్యుడైనా వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) తీసుకెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. నేను ఒక్కసారే ఆ దాకా వెళ్లాను. నాలుగేళ్లు పట్టింది, ఆ నాలుగేళ్లూ నేలను పట్టించుకున్నవాళ్లు లేరు. అందుకే దాన్ని చివరికి ఉంచండి. టీవీవాళ్లను పిలవడం కూడా అంతే, ఒక్కసారి వార్త వచ్చాక కమిటీ తలుపులు మూసుకుంటుంది, ఒప్పందం ఇచ్చిన శాఖ ఈ గొడవ మనకెందుకని దాన్ని రద్దు చేస్తే నష్టపోయేది ఆ చెరువు.

మొదటి ఉత్తరం చిన్నగా, మర్యాదగా ఉండాలి. నేనైతే ఇలా రాస్తాను, కావాలంటే వాడుకోండి:

"కార్యదర్శి గారికి, నేను సంస్థ జీవిత సభ్యురాలిని. కంచ, చెరువు రెండింటికీ అమల్లో ఉన్న నిర్వహణ ప్రణాళిక ప్రతులు ఇవ్వగలరు. ఏ జీవుల కోసం, ఏ రకమైన నేలగా ఈ రెండు చోట్లను ఉంచాలని నిర్ణయించాం, ఆ నిర్ణయం ఏ సమావేశంలో జరిగింది? పని మొదలుపెట్టక ముందు పక్షులు, మొక్కల లెక్క తీశామా, మళ్లీ ఎప్పుడు తీస్తాం? ప్రస్తుతం జరుగుతున్న పనులకు తీసుకున్న అనుమతులు, కాంట్రాక్టు ఒప్పందం, ఖర్చు వివరాలు చూడటానికి ఒక తేదీ చెప్పగలరు. వచ్చే సమావేశంలో ఈ అంశాన్ని ఎజెండాలో చేర్చగలరు."

ఇంతే. "మీరు నాశనం చేస్తున్నారు" అన్న మాట ఎక్కడా వద్దు. మెయిల్ పంపండి, రిజిస్టర్డ్ పోస్టులో కూడా పంపండి, రసీదు దాచుకోండి. ఒక్కరే కాకుండా అయిదారుగురు సంతకం పెడితే మెసేజ్ తీసేసినట్టు దీన్ని తీసేయలేరు. ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఏ జీవుల కోసం అన్నదే. దానికి జవాబు ఉంటే చెట్టు ఉంచాలా తీయాలా, గొర్లు రావాలా వద్దా, ట్రాక్ ఎక్కడ ఆగాలి అన్నవన్నీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. దానికే జవాబు లేకపోతే కమిటీ ఎంత కష్టపడి పని చేస్తున్నా అది ఎటు పోతోందో వాళ్లకే తెలియదు.

జవాబు కోసం ఎదురుచూస్తూ ఊరికే ఉండకండి. మీ సొంత లెక్క మొదలుపెట్టండి. నెలకు రెండు ఆదివారాలు, ఒకే దారిలో, ఒకే సమయానికి నడిచి కనబడినవన్నీ రాయండి. ప్రతిసారీ ఒకే చోట నిలబడి నాలుగు దిక్కులా ఫొటో తీయండి. పక్షుల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో పెడితే తేదీతో సహా నిలిచిపోతుంది. చెరువుకైతే జనవరిలో జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో చేరి ఆ చెరువు పేరు మీద లెక్క పంపండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఉన్నంత సమాచారం కమిటీ దగ్గర ఉండదు. అప్పుడు వాళ్లే మిమ్మల్ని ఉపసంఘంలోకి పిలుస్తారు, పిలవకపోతే ఎన్నికల్లో నిలబడండి.

సభ్యత్వం గురించి. నాకు తెలిసిన ఒక సంస్థలో ఇలాగే విసిగిపోయి ఒకే ఏడాది ఇరవై మందికి పైగా వెళ్లిపోయారు. అందరూ పక్షులు తెలిసినవాళ్లు, వారం వారం ఫీల్డుకు వెళ్లేవాళ్లు. తర్వాతి ఎన్నికల్లో పోటీయే లేదు, జనరల్ బాడీలో ప్రశ్న అడిగేవాళ్లే లేరు. రెండేళ్లలో వాళ్ల చెరువు చుట్టూ కట్టడం పూర్తయింది. వెళ్లిపోయినవాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాకు ఫోన్ చేసి ఆ చెరువు గురించి బాధపడతారు, కానీ అక్కడ చెయ్యెత్తడానికి వాళ్లకు ఓటు లేదు. మీది జీవిత సభ్యత్వం, మళ్లీ కట్టే పని కూడా లేదు. ఉంచుకోండి.

ఉత్తరానికి జవాబు వస్తే, లేదా నెల దాటినా రాకపోతే, ఇక్కడ రాయండి. కంచలో పడిన చెట్ల కాయల ఫొటోలు, ట్రాక్ నుంచి నీటి అంచు దాకా కనిపించే ఒక ఫొటో కూడా పెడితే ఏ జాతి పోయిందో, అంచు ఎంత మిగిలిందో చూసి చెప్తాను.